చెప్పులు ఎన్ని జతలు?

అమ్మాయ్,

ఆశీస్సులు. పిల్లల పెంపకం మీద నువ్వు రాసిన పుస్తకం రాతప్రతి అందింది. అంతా ఒకసారి చదివాను, 41వ పేజీ మాత్రం మూడుసార్లు చదివాను. అమ్మానాన్నలు లోపల గొడవపడుతుంటే ఆరేళ్ల పిల్లవాడు గుమ్మం దగ్గర కూర్చుని ఇంటిల్లిపాది చెప్పులూ జతకు జత సర్దిపెట్టాడని రాశావు. కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఊరకే కూర్చున్నాను. తర్వాత కింది వాక్యం చూశాను: "ఇటువంటి వాతావరణంలో పెరిగే బాలలు తీవ్ర అభద్రతాభావానికి లోనవుతారు." ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఆరకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను, కాస్త ఓర్చుకో.

ఆ వాక్యం కొట్టెయ్. మార్చి రాయొద్దు, కొట్టెయ్. చెప్పులు సర్దుతున్న పిల్లవాణ్ణి చూశాక చదివేవాడికి తెలియని సంగతి అందులో ఒక్కటీ లేదు. పైగా అంతవరకూ గుమ్మంలో కూర్చున్నవాణ్ణి చెయ్యిపట్టి లాక్కొచ్చి నీ వాదానికి సాక్షిగా బోనెక్కించావు. పిల్లల పెంపకం మీద రాసేవాళ్లలో సగం మందికి ఉన్న జబ్బే ఇది. తీర్పు ముందే రాసిపెట్టుకుని, దానికి సరిపోయే పిల్లవాడి కోసం వెతుకుతారు.

ఈ జబ్బు ఎక్కణ్ణుంచి అంటుకుంటుందో నాకు తెలుసు. "ఇందులో పాఠకులకు సందేశం ఏమిటండీ?" అని అడిగే సంపాదకుల నుంచి. ప్రతి అధ్యాయం చివరా ఒక గడి కట్టి, "తల్లిదండ్రులకు పది సూచనలు" అని వేయించేదీ వాళ్లే. అంతా ఆ గడిలో పట్టేదైతే ముందున్న ఇరవై పేజీలూ ఎందుకట? నీ రాతప్రతిలో అలాంటి గడులు ఎనిమిది లెక్కపెట్టాను. ఎవరూ అడక్కముందే కట్టేశావు!

మొదటి అధ్యాయం ఎత్తుకోవడమే మార్ష్‌మల్లో ప్రయోగంతో ఎత్తుకున్నావు. ఎదురుగా పెట్టిన మిఠాయి కాసేపు తినకుండా ఉంటే రెండోది ఇస్తామంటే, ఆగిన పిల్లలే పెద్దయ్యాక రాణించారన్న కథ. మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ ఆ పని చేసింది ముఖ్యంగా స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ పిల్లల మీద. ఎక్కువమంది చదువుకున్నవాళ్ల బిడ్డలు. 2018లో మరికొందరు పరిశోధకులు 900 మందికి పైగా పిల్లల వివరాలు తీసుకుని, ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తెచ్చి చూస్తే ఆ సంబంధం చాలావరకు పలచబడిపోయింది. ఏ అధ్యయనం గురించి రాసినా మూడు అడుగు: ఎంతమంది పిల్లలు, ఎవరి పిల్లలు, తర్వాత ఇంకెవరైనా చేసి చూశారా. ఈ మూడింటికీ జవాబు దొరక్కపోతే ఆ అధ్యయనం నీ పుస్తకంలో ఉండాల్సిన పని లేదు.

ఇక చెప్పుల సంగతి. అది నువ్వు కళ్లారా చూశావా, ఎవరైనా చెబితే విన్నావా? రాతప్రతిలో ఎక్కడా లేదు. తల్లి చెప్పి ఉంటే మర్నాడు చెప్పిందా, నాలుగేళ్ల తర్వాతా? సొంత పిల్లల విషయంలో పెద్దవాళ్ల జ్ఞాపకం మహా జారుడు. మొదటి మాట ఎప్పుడు పలికాడు, పక్క తడపడం ఎన్నో ఏట మానాడు అని ఏళ్లు గడిచాక అడిగితే నిజానికి కొన్ని నెలలు అటో ఇటో జరిపి చెప్పడం మామూలే. వాళ్లు అబద్ధమాడరు. జ్ఞాపకం తీరే అంత. అందుకని టీకా కార్డో, బడి రిపోర్టో, ఫొటో వెనక రాసిన తేదీనో, ఏదో ఒక కాగితం ముందు పెట్టుకుని అడుగు.

నోటుబుక్కులో పేజీని నిలువునా మూడు భాగాలు చెయ్యి. మొదటి దాంట్లో చూసింది. రెండో దాంట్లో విన్నది, ఎవరి నోట, ఏ రోజున అన్నది కూడా. మూడో దాంట్లో నువ్వనుకున్నది. పుస్తకం రాసేటప్పుడు మూడో భాగం మీద అట్టముక్క పెట్టి మూసెయ్. నువ్వు రాసిన "అభద్రతాభావం" అన్న మాట అక్కణ్ణుంచే వచ్చిందని పందెం కాస్తాను. ఆ ఇంటి నుంచి వచ్చిన రాత్రే నోట్సు తిరగరాసుకో. ఒక నిద్ర పోయి లేచేసరికి వాళ్ల మాటలు నీ మాటలైపోతాయి. రికార్డు చేసిన గంట మాటల్ని కాగితం మీద పెట్టడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆ లెక్క చూసుకునే రికార్డర్ నొక్కు. అది నడుస్తోంది కదా అని పెన్ను మూయకు. చెప్పులు సర్దడం రికార్డులో వినబడదు.

వినడం అంటే గుర్తొచ్చింది. నీ పుస్తకంలో ఇళ్లలో పనిచేసుకునే తల్లి "నా బిడ్డ భవిష్యత్తు పట్ల ఆందోళన చెందుతున్నాను" అంటుంది. ఎవరమ్మా అలా మాట్లాడేది? బాధ ఆమెది, నోరు పత్రికది. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' దొరికితే చదువు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ గొంతుతో చెప్పుకున్నది. పోరాటంలో బిడ్డను వదులుకోవాల్సి వచ్చిన తల్లి మాటలూ అందులో ఉన్నాయి. యాస దిద్ది అచ్చేసి ఉంటే అవి ఇంతగా తగిలేవి కావు.

రెండో అధ్యాయంలో "తల్లిదండ్రుల నిర్లక్ష్యం వల్ల మందులు సక్రమంగా వాడలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆన్ ఫాడిమన్ 1997లో 'ది స్పిరిట్ క్యాచెస్ యూ అండ్ యూ ఫాల్ డౌన్' అనే పుస్తకం రాసింది. లావోస్ నుంచి అమెరికా చేరిన మోంగ్ తెగ శరణార్థుల కుటుంబం, మూర్ఛలొచ్చే చంటిపిల్ల. అమ్మానాన్నలు మందులు సరిగ్గా వేయడం లేదని డాక్టర్ల ఫిర్యాదు. ఫాడిమన్ ఆసుపత్రి కాగితాలన్నీ తిరగేసి లెక్క తీసింది: నాలుగేళ్లు కూడా తిరగకుండా మందుల చీటీ 23 సార్లు మారింది. సీసా మీది ఇంగ్లీషు ఆ తల్లిదండ్రులకు చదవరాదు. 23 అన్న అంకె చూశాక నిర్లక్ష్యం అనే మాట రాయడానికి చెయ్యి రాదు. నీ కుటుంబానికి చీటీ ఎన్నిసార్లు మారింది? ఆ చీటీ ఏ భాషలో ఉంది? అడిగావా?

పిల్లలకేం తెలుస్తుందిలే అనుకుని పెద్దవాళ్లనే అడిగినట్టున్నావు. ముంబయి విమానాశ్రయం పక్కనున్న అన్నావాడి బస్తీ మీద పాత్రికేయురాలు క్యాథరిన్ బూ రాసిన పుస్తకం 2012లో వచ్చింది. 2007 నవంబరు నుంచి 2011 మార్చి దాకా తిరిగింది, 3000కు పైగా ప్రభుత్వ కాగితాలు సంపాదించింది. అంతా చేసి, జరిగింది జరిగినట్టు చెప్పడంలో పిల్లలే ఎక్కువ నమ్మదగినవాళ్లని రాసుకుంది. అడిగిందే మళ్లీ మళ్లీ అడిగి జనాన్ని విసిగించింది కూడా. నువ్వూ విసిగించు.

ఇద్దరు పిల్లల్ని కలిపి ఒకణ్ణి చేశానని నీ ఉత్తరంలో గొప్పగా చెప్పావు. చెయ్యకు. పేరు మార్చు, వీధి మార్చు, తండ్రి ఉద్యోగం కథకు అక్కర్లేకపోతే అదీ మార్చు. ఏవి మార్చావో ముందుమాటలో ఒక్క వాక్యంలో చెప్పు. వయసు, ఏది ముందు ఏది వెనక జరిగింది, ఎవరు ఏమన్నారు అన్నవి ముట్టుకోకు. అచ్చుకు ముందు వాళ్ల పేజీలు వాళ్లకు చదివి వినిపించు. తేదీ తప్పంటే దిద్దు. మమ్మల్ని ఇంకాస్త మంచివాళ్లుగా చూపించు అంటే వింటూ కూర్చో, దిద్దకు. తల్లి సరేనంది కాబట్టి చాలనుకోకు. ఆ పిల్లవాడికి ఇరవై ఏళ్లొస్తాయి, ఈ పుస్తకం వాడి చేతిలో పడుతుంది.

అట్ట బొమ్మ, రాయల్టీ లాంటివి కూడా అడిగావు. అవి మరోసారి.

ముందు ఆ ఇంటికి మళ్లీ వెళ్లు. పిల్లవాడి పక్కన గుమ్మంలోనే కూర్చుని అడుగు. చెప్పులు ఎన్ని జతలు? ఎవరివి ముందు పెట్టాడు? నాన్న చెప్పులు ఇంట్లోకి తిప్పి పెట్టాడా, వీధిలోకా? చెబితే చెప్పినట్టు రాయి. గుర్తులేదంటే, గుర్తులేదన్నాడని రాయి.