రిజర్వ్ నుంచి యాక్టివ్ డ్యూటీకి మారదామనుకుంటున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి

ఈ మధ్య తరచూ ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతున్నారు, అన్నా నేను యూఎస్ ఆర్మీ రిజర్వ్ లో ఉన్నా, ఐటీ మార్కెట్ చూస్తే భయంగా ఉంది, ఫుల్ టైమ్ యాక్టివ్ డ్యూటీకి వెళ్ళిపోదామనుకుంటున్నా, ఏమంటావ్ అని. ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్తుంటే సగం మర్చిపోతున్నా, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నా. నేను ఆరేళ్ళు రిజర్వ్ లో చేసి ఆ తర్వాత యాక్టివ్ కి మారినవాడిని, మాది తెనాలి దగ్గర, ఇప్పుడు టెక్సాస్ లో కిలీన్ అనే ఊళ్ళో ఫోర్ట్ హుడ్ పక్కన ఉంటున్నాం. నేను చెప్పేది ముఖ్యంగా రెండే, కాగితం చేతికి రాకుండా ఉద్యోగం వదలొద్దు, ఇంట్లోవాళ్ళ ప్రశ్నలకి జవాబు దొరక్కుండా సంతకం పెట్టొద్దు. మిగతాదంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు కొత్తగా వచ్చిన స్టూడెంట్ల కోసం ఒక మాట. ఎఫ్1 మీదో హెచ్1బీ మీదో ఉన్నవాళ్ళు ఇప్పుడు ఆర్మీలో చేరలేరు, రిజర్వ్ లో కూడా కుదరదు, గ్రీన్ కార్డు గానీ సిటిజన్ షిప్ గానీ ఉండాల్సిందే. వీసా మీద ఉన్నవాళ్ళని కూడా తీసుకునే మావ్ని అని ఒక ప్రోగ్రామ్ ఉండేది, దాన్ని 2016లో ఆపేశారు, ఇంకా అది ఉంది అని ఎవరైనా చెప్పి డబ్బులు అడిగితే దయచేసి నమ్మకండి.

రిజర్వ్ అంటే తెలియనివాళ్ళకి చెప్పాలంటే మన దగ్గర టెరిటోరియల్ ఆర్మీ లాంటిది అనుకోండి. నెలకి ఒక వీకెండ్, ఏడాదికి ఒక రెండు వారాలు. ఒక వీకెండ్ డ్రిల్ కి నాలుగు రోజుల బేసిక్ పే ఇస్తారు, మిగతా రోజులన్నీ మన ఉద్యోగం మనది, మన ఇల్లు మనది. శుక్రవారం రాత్రి డఫెల్ బ్యాగ్ సర్దుకుంటుంటే మా ఆవిడ దోసెల పిండి ఫ్రిజ్ లో పెట్టి ఆదివారం సాయంత్రానికి వస్తావుగా అనేది, అంతే, అంతవరకే మా ఇంట్లో ఆర్మీ. యాక్టివ్ కి వచ్చాక పొద్దున నాలుగుమ్ముప్పావుకి అలారం, ఆరున్నరకి పీటీ ఫార్మేషన్, సోమవారం వస్తే మోటార్ పూల్, ట్రక్కుల కింద పడుకుని ఆయిల్ కారుతోందా టైర్లు ఎలా ఉన్నాయి అని చూసి ఫారం నింపాలి, సాయంత్రం ఐదుకి ఇంటికి వెళ్తామా ఏడుకా అన్నది ఆ రోజు పనిని బట్టి ఉంటుంది. ఏ ఊళ్ళో ఉండాలో వాళ్ళు చెప్తారు, ఈ ఏడాది టెక్సాస్ అయితే తర్వాత కొరియాలో క్యాంప్ హంఫ్రీస్ కావచ్చు, అలాస్కాలో ఫెయిర్ బ్యాంక్స్ కావచ్చు. దీనికి ఇంట్లో అందరూ సిద్ధంగా ఉండాలి, నువ్వొక్కడివే సిద్ధపడితే సరిపోదు.

ఇప్పుడు కాగితం సంగతి, ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తా ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే. రిజర్వ్ లో ఉన్నవాడు రెగ్యులర్ ఆర్మీలోకి, అంటే ఫుల్ టైమ్ సైన్యంలోకి వెళ్ళాలంటే ముందు రిజర్వ్ వాళ్ళు వదలాలి, దానికి కండిషనల్ రిలీజ్ అని ఒక ఫారం ఉంటుంది, డీడీ 368. అది మన యూనిట్ కమాండర్ దగ్గర మొదలై పైకి వెళ్ళి సంతకాలతో తిరిగి రావాలి, అది వచ్చేదాకా యాక్టివ్ రిక్రూటర్ నిన్ను ఎంత ఇష్టపడినా కాంట్రాక్ట్ రాయలేడు. పైగా దానికి గడువు తేదీ ఉంటుంది, ఆ లోపల చేరకపోతే మళ్ళీ మొదటి నుంచి. నాకు ఇవన్నీ సరిగ్గా తెలియక రిక్రూటర్ "ఇదేముంది, రెండు మూడు వారాల్లో వచ్చేస్తుంది" అంటే నమ్మి ఆఫీసులో నోటీస్ ఇచ్చేశా, అపార్ట్ మెంట్ లీజ్ కూడా రెన్యూ చెయ్యలేదు. నా ఫారం ఐదు నెలలు పట్టింది. యూనిట్ లో మనుషులు తక్కువ ఉన్నారని మొదట ఒక కారణం, తర్వాత సంతకం పెట్టాల్సిన మనిషి మారారని ఇంకో కారణం, ఆఖరికి అది ఎవరి ఈమెయిల్ లో ఆగిందో కనుక్కోడానికే ఒక నెల పోయింది. ఆ ఐదు నెలలూ జీతం లేదు, ఫ్రెండ్ వాళ్ళ ఇంట్లో ఒక గదిలో ఉన్నాం, పాప అప్పటికి రెండేళ్ళది. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, కానీ ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అందుకే చెప్తున్నా, ఫారం ఇచ్చిన రోజు నుంచి అది ఎవరి దగ్గర ఉందో వారం వారం మర్యాదగా అడుగు, ప్రతిదీ ఈమెయిల్ లో ఉంచుకో, సంతకాలయిన కాపీ నీ చేతిలో పడ్డాకే కదులు.

ఆఫీసుకి చెప్పేటప్పుడు కూడా మిలిటరీ సర్వీస్ కి వెళ్తున్నానని రాతపూర్వకంగా చెప్పు, ఊరికే రిజైన్ చేస్తున్నా అని రాసెయ్యొద్దు. యూసెర్రా అని 1994 నాటి చట్టం ఉంది, దాని ప్రకారం ఒక కంపెనీ దగ్గర మొత్తం మీద ఐదేళ్ళ లోపు సర్వీస్ చేసి మంచి డిశ్చార్జ్ తో వస్తే నీ ఉద్యోగం నీకు తిరిగి ఇవ్వాలి. స్వచ్ఛందంగా వెళ్ళినా సరే వర్తిస్తుంది, ఆర్నెల్లు దాటిన సర్వీస్ అయితే బయటికి వచ్చిన 90 రోజుల లోపల అప్లై చెయ్యాలి. మూడేళ్ళ కాంట్రాక్ట్ చేసి నచ్చకపోతే వెనక్కి రావడానికి ఇదొక తలుపు, దాన్ని చేతులారా మూసుకోవద్దు.

కాంట్రాక్ట్ లో ఏం ఉందో అదే మనకి వస్తుంది, రిక్రూటర్ నోటితో చెప్పినవి రావు. రిజర్వ్ లో ఉన్న ర్యాంకే యాక్టివ్ లో ఇస్తారని గ్యారంటీ లేదు, ఒక్కోసారి తగ్గిస్తారు, నీ ఎంఓఎస్ లో, అంటే ఆర్మీలో నువ్వు చేసే పని విభాగంలో, ఖాళీ లేకపోతే వేరే పనికి మళ్ళీ ట్రైనింగ్ కి పంపుతారు. బేసిక్ ట్రైనింగ్ ఒకసారి పూర్తి చేసినవాళ్ళు మామూలుగా మళ్ళీ చెయ్యక్కర్లేదు. నాది 92ఏ, అంటే స్టోర్స్, స్పేర్ పార్టుల లెక్కలు. దీని గురించి ఒకటి చెప్పాలి. ఫోర్ట్ లీ లో ట్రైనింగ్ అప్పుడు మొదటిసారి ఆర్మీ వాళ్ళ సాఫ్ట్ వేర్ ఓపెన్ చేస్తే, జీసీఎస్ఎస్ ఆర్మీ అంటారు, చూడగానే తెలిసిపోయింది, అది సాప్, కంపెనీల్లో స్టాకు, లెక్కలు చూసుకునే సాఫ్ట్ వేర్! నేను ఆఫీసులో రోజూ చూసే సాప్ స్క్రీనే, అవే టీ కోడ్ లు, అదే మెటీరియల్ నంబర్. పక్కన పంతొమ్మిదేళ్ళ పిల్లలు తల పట్టుకుంటుంటే నేను వాళ్ళకి నేర్పించా. మనవాళ్ళకి ఉన్న చదువు అక్కడ వృధా పోదు, ఎంఓఎస్ ఎంచుకునేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి.

ఇంకో మాట, ఫుల్ టైమ్ అంటే రెగ్యులర్ ఆర్మీ ఒక్కటే దారి కాదు. రిజర్వ్ లోనే ఉంటూ ఫుల్ టైమ్ చేసే ఏజీఆర్ ఉంది, యాక్టివ్ గార్డ్ రిజర్వ్. జీతం, హౌసింగ్, మెడికల్ అన్నీ యాక్టివ్ వాళ్ళలాగే, పని మాత్రం ఎక్కువగా రిజర్వ్ సెంటర్లలో, అవి బేస్ లేని పెద్ద ఊళ్ళలో కూడా ఉంటాయి కాబట్టి భార్యో భర్తో ఉద్యోగం చేసేవాళ్ళకి ఇది చాలా నయం. ఇంకోటి ఏడాస్ ఆర్డర్లు, కొన్ని నెలలకో ఏడాదికో తాత్కాలికంగా యాక్టివ్ డ్యూటీ. నన్నడిగితే ముందు ఇలాంటి ఆర్డర్ ఒకటి తీసుకుని చెయ్యండి, ముప్పై రోజులు దాటిన ఆర్డర్ అయితే ఇంటి అలవెన్స్, ట్రైకేర్ అనే మిలిటరీ మెడికల్ ఇన్సూరెన్స్ కూడా వస్తాయి, పొద్దున్నే లేచి రోజూ ఆ యూనిఫామ్ లో బతకడం నీకు పడుతుందా, ఇంట్లో పడుతుందా అన్నది తెలిసిపోతుంది. నేనది చెయ్యలేదు, చేసుంటే బావుండేది.

డబ్బు లెక్క త్వరగా చెప్తా. ఐటీ జీతంతో బేసిక్ పే పోల్చి చూస్తే నీరసం వస్తుంది, కానీ ఇంటి అలవెన్స్, తిండి అలవెన్స్ మీద టాక్స్ లేదు, రిజర్వ్ లో ఫ్యామిలీ ఇన్సూరెన్స్ కి నెలకి 250 డాలర్ల పైన కట్టేవాళ్ళం, యాక్టివ్ లో ట్రైకేర్ ప్రైమ్ కి ఆ ప్రీమియం లేదు, ఏడాదికి 30 రోజులు పెయిడ్ లీవ్. పోస్ట్ 9/11 జీఐ బిల్ అని చదువు ఖర్చులకి ఇచ్చే సాయం ఉంది, 36 నెలల యాక్టివ్ సర్వీస్ అయితే నూరు శాతం వస్తుంది, ఆరేళ్ళు సర్వీస్ అయ్యాక ఇంకో నాలుగేళ్ళు చేస్తానని రాసిస్తే దాన్ని పిల్లలకి మార్చొచ్చు. రిటైర్మెంట్ దగ్గర మాత్రం చాలామంది పొరపడతారు. రిజర్వ్ లో ఆరేళ్ళు చేశా, ఇంక పద్నాలుగేళ్ళు చేస్తే ఇరవై అవుతాయి అనుకుంటారు, అవ్వవు. జీతం స్కేల్ కి ఆ ఆరేళ్ళూ కలుస్తాయి కానీ యాక్టివ్ పెన్షన్ కి కావాల్సిన ఇరవై ఏళ్ళ లెక్కలో ట్రైనింగ్ రోజులు, ఏడాదికి ఆ రెండు వారాలు లాంటి యాక్టివ్ రోజులే కలుస్తాయి, వీకెండ్ డ్రిల్స్ కలవవు. యూనిట్ లో రిజర్వ్ సర్వీస్ లెక్క చూపించే పాయింట్ల స్టేట్ మెంట్ అడిగి తీసుకుని తప్పులుంటే మారే ముందే సరిచేయించుకోండి.

ఇంక మన ఇండియా వాళ్ళకే ఉండే సంగతులు. గ్రీన్ కార్డు మీద రిజర్వ్ లో ఉన్నవాళ్ళు సిటిజన్ షిప్ ముందే చేసేసుకోండి, సర్వీస్ లో ఉన్నవాళ్ళకి సిటిజన్ షిప్ అప్లికేషన్ ఎన్400 కి ఫీజు లేదు, నువ్వు సర్వీస్ లో ఉన్నట్టు ఎన్426 ఫారం మీద యూనిట్ వాళ్ళు సర్టిఫై చెయ్యాలి, సెక్యూరిటీ క్లియరెన్స్ కావాల్సిన పనులకి సిటిజన్ షిప్ తప్పనిసరి. తర్వాత ఓసీఐ, అంటే వేరే దేశం సిటిజన్ షిప్ తీసుకున్న మనవాళ్ళు వీసా లేకుండా ఇండియా వెళ్ళిరావడానికి ఇచ్చే కార్డు. ఇది ఎవరూ చెప్పరు, విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్ళకి గానీ రిటైర్ అయినవాళ్ళకి గానీ ఇండియా ఓసీఐ ఇవ్వదు. అంటే అమెరికా పాస్ పోర్ట్ వచ్చాక అమ్మని చూడ్డానికి వెళ్ళాలన్నా వీసా తీసుకోవాలి, ఆ వీసా ఫారంలో మిలిటరీలో ఉన్నావా అని అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు రాయాలి, పార్ట్ టైమే కదా అని దాచొద్దు. చేతిలో ఓసీఐ ముందే ఉన్నవాళ్ళు, ఊళ్ళో పొలం పేరున ఉన్నవాళ్ళు సంతకం పెట్టకముందే ఈ విషయాలు తెలిసిన లాయర్ ని కలవండి. నాకు ఇది తెలిసినప్పుడు రెండు రోజులు అన్నం సయించలేదు, పుట్టిన ఊరికి వెళ్ళడానికి ప్రతిసారీ అనుమతి అడగాలా అని. అయినా నేను ఈ దారే ఎంచుకున్నా, కానీ తెలిసి ఎంచుకోవడం వేరు కదా.

యాక్టివ్ లో ఉన్నప్పుడు ఇండియా వెళ్ళాలంటే లీవ్ ఒక్కటే శాంక్షన్ అయితే చాలదు, విదేశానికి క్లియరెన్స్ కూడా కావాలి, దానికి టైమ్ పడుతుంది. మరి ఇంట్లో ఎవరికైనా బాలేకపోతే? మా నాన్నకి స్ట్రోక్ వచ్చినప్పుడు తెలిసింది నాకు. ఇక్కడ పద్ధతి ఏంటంటే కుటుంబం వాళ్ళు అమెరికన్ రెడ్ క్రాస్ కి ఫోన్ చెయ్యాలి, వాళ్ళు హాస్పిటల్ తో మాట్లాడి నిర్ధారించి కమాండర్ కి మెసేజ్ పంపుతారు, దాని మీద కమాండర్ ఎమర్జెన్సీ లీవ్ నిర్ణయిస్తాడు. మా తమ్ముడికి నా యూనిట్ పేరు సరిగ్గా తెలియదు, హాస్పిటల్ లో ల్యాండ్ లైన్ ఎవరూ ఎత్తడం లేదు, డాక్టర్ గారు రౌండ్స్ లో ఉన్నారు, ఇక్కడ పగలైతే అక్కడ రాత్రి. చివరికి వార్డులో ఒక నర్సమ్మ తన సొంత ఫోన్ డాక్టర్ గారి చేతిలో పెట్టి మాట్లాడించింది, ఆవిడ చల్లగా ఉండాలి. మెసేజ్ వచ్చాక మా సార్జెంట్ గంటలో నా చేత కాగితాలు నింపించి పంపాడు, నాన్న నన్ను గుర్తుపట్టే టైమ్ కి చేరుకున్నా. అప్పటి నుంచి ఇంట్లో బీరువా తలుపు లోపల ఒక కాగితం అంటించి ఉంటుంది, తెలుగులో, నా పూర్తి పేరు, ర్యాంక్, యూనిట్, పుట్టిన తేదీ, రెడ్ క్రాస్ నంబర్, కింద డాక్టర్ గారి పేరు, మొబైల్. మీరు కూడా ఇవాళే రాసి పంపండి, రిజర్వ్ లో ఉన్నా సరే.

అమ్మకి చెప్పడం నాకు అన్నిటికంటే కష్టమైంది. మన పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళో అయితే తరతరాలుగా సైన్యానికి పంపినవాళ్ళు, మాది అలాంటి ఇల్లు కాదు. వేరే దేశం సైన్యం ఏంట్రా, ఊళ్ళో ఏం చెప్పనురా అంది. నేను వాదించలేదు, ఈ దేశం అన్నం పెడుతోంది, నా కూతురు ఇక్కడే పెరుగుతోంది అమ్మా, దీనికి నా వంతు చెయ్యాలనిపించింది అన్నా. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత చలి బట్టలు ఇస్తారా అని అడిగింది.

మా ఆవిడది ఫార్మసిస్ట్ ఉద్యోగం, స్టేట్ మారితే లైసెన్స్ గొడవ. సైన్యంలో ఉన్నవాళ్ళ భార్యాభర్తల ప్రొఫెషనల్ లైసెన్సులు ట్రాన్స్ ఫర్ మీద వేరే స్టేట్ లో చెల్లేలా 2023లో ఫెడరల్ చట్టం వచ్చింది, అయినా ఆ స్టేట్ బోర్డ్ ని ముందే అడిగి పెట్టుకోవాలి. కాంట్రాక్ట్ మీద సంతకానికి ముందు రోజు రాత్రి తను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రూల్డ్ పేపర్ మీద ప్రశ్నలు రాసింది, పదిహేడు. ఎన్ని నెలలు ఇంటికి దూరంగా ఉంటావు, ఆ టైమ్ లో పాపకి జ్వరం వస్తే నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి, ట్రాన్స్ ఫర్ ఎన్ని రోజుల ముందు చెప్తారు, నా పీఎఫ్ ఏమవుతుంది, మీ అమ్మ వస్తే బేస్ లో మనతో ఉండనిస్తారా, ఇలా. పొద్దున్నే తనే నాతో వచ్చి రిక్రూటర్ ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటీ అడిగింది, అతను పన్నెండింటికి జవాబు చెప్పాడు, మిగతా ఐదింటికి కనుక్కుని చెప్తానన్నాడు, ఆ ఐదూ ఈమెయిల్ లో వచ్చేదాకా నన్ను సంతకం పెట్టనివ్వలేదు. ఆ కాగితం ఫైల్ లో దాచా, కావాల్సినవాళ్ళు అడగండి, ఫోటో తీసి పంపుతా.