కొరియాలో ఇంగ్లిష్ టీచర్‌గా వెళ్తే రోజులు ఎలా గడుస్తాయి? శాకాహారికి తిండి, తిరగడానికి సెలవులు దొరుకుతాయా?

మీరు అడిగినవి మూడు: బీఈడీ చేసి నెల్లూరులో ఇంగ్లిష్ చెబుతున్న మీకు కొరియా బడిలో ఉద్యోగం దొరుకుతుందా, మాంసం ముట్టకుండా అక్కడ నెగ్గుకురాగలరా, సెలవుల్లో దేశం చూడటానికి కుదురుతుందా. నేను దక్షిణ కొరియా కింది భాగంలో సున్‌చొన్ అనే ఊళ్లో రెండేళ్లు ప్రాథమిక పాఠశాలలో పనిచేసి, పోయిన ఫిబ్రవరిలో తెనాలి వచ్చేశాను. సియోల్ సంగతి నాకు అంతగా తెలియదు. చిన్న ఊరి సంగతే చెబుతాను.

ముందు ఉద్యోగం. ఇంగ్లిష్ చెప్పడానికి ఇచ్చే ఈ-2 వీసా మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా వాళ్లకే. 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారత్-కొరియా ఒప్పందం (సెపా అంటారు) వల్ల మనకీ ఒక సందు దొరికింది. డిగ్రీతో పాటు బీఈడీ లాంటి టీచింగ్ అర్హత ఉంటే బడుల్లో సహాయ ఇంగ్లిష్ టీచర్‌గా చేరొచ్చు. హగ్వాన్లు అని ప్రైవేటు ట్యూషన్ సెంటర్లు వీధికి నాలుగుంటాయి, వాటికి ఈ దారి పనికిరాదు. హగ్వాన్‌లో చేర్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడే నమస్కారం పెట్టేయండి.

బడికి ఎనిమిదిన్నరకల్లా వెళ్లాలి, నాలుగున్నర దాకా ఉండాలి. గుమ్మంలోనే బూట్లు విప్పి లోపలి చెప్పులు వేసుకోవాలి. ప్రాథమిక బడిలో పీరియడ్ 40 నిమిషాలు. ఇంగ్లిష్ మూడో తరగతి నుంచి మొదలు కాబట్టి నాకు మూడు నుంచి ఆరు దాకా పిల్లలు. నా కాంట్రాక్టులో వారానికి 22 పీరియడ్లు. క్లాసులో పక్కన కొరియన్ టీచర్ ఒకరు ఉంటారు. ఆవిడతో పడితే హాయి, పడకపోతే ఏడాదంతా టెన్షనే. నాకు మొదటి ఏడాది పడలేదు, రెండో ఏడాది పడింది. అంతకన్నా చెప్పను.

ఇక భోజనం. మీరు శాకాహారి అన్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో నేను బోల్తా పడ్డాను.

మధ్యాహ్నం అందరూ బడిలోనే తింటారు. మన హాస్టళ్లలో ఉండే అరల స్టీలు పళ్లెమే. అన్నం, పులుసు, కిమ్చి (కారం పట్టించి పులియబెట్టిన క్యాబేజీ), ఇంకో రెండు మూడు రకాలు. నెల మొదట్లో మెనూ కాగితం ఇస్తారు. అందులో ప్రతి వంటకం పక్కన చిన్న చిన్న అంకెలుంటాయి. ఇవేవో క్యాలరీలు కాబోలు అనుకున్నాను. కాదు, అలర్జీ అంకెలు. 1 గుడ్డు, 2 పాలు, 5 సోయా, 6 గోధుమ, 9 రొయ్య, 10 పంది మాంసం, 15 కోడి, 16 గొడ్డు మాంసం. ఏ బడికి వెళ్లినా ఇవే. కొరియన్ అక్షరం ముక్క రాని రోజుల్లో ఈ అంకెలే నాకు అన్నం పెట్టాయి. గుడ్డు తింటాను కాబట్టి 1 పర్వాలేదు. కిమ్చి పక్కన 9 చూసి ఆశ్చర్యపోయాను, అందులో ఉప్పు రొయ్యలు పడతాయట. అక్కడితో కిమ్చి బంద్.

సోయా ముద్దతో కాచే పులుసు పక్కన మాత్రం 5, 6 తప్ప ఏమీ ఉండేవి కావు. మూడు వారాలు ధీమాగా తాగాను, మన ఇంటి పప్పుచారులా వెచ్చగా ఉందని మెచ్చుకున్నాను కూడా. ఒకరోజు వంటగది వెనక నుంచి వెళ్తుంటే ముక్కుపుటాలదిరే వాసన. ఆ వాసన నాకు కొత్త కాదు, మా తెనాలి మార్కెట్లో ఎండు చేపల వరసది. లోపల న్యూట్రిషన్ టీచర్ ఉంటే, ఫోన్లో పపాగో అనే అనువాద యాప్ పెట్టుకుని అడిగాను. ఆవిడ నవ్వుతూ గంగాళం మూత తీసి, గరిటెతో అడుగు నుంచి తోడి చూపించింది. ఎండు నెత్తళ్లు! వాటితోనే నీళ్లు కాచి, వడగట్టి, పులుసు పెడతారట. ఆ జాబితాలో పంతొమ్మిది అంకెలున్నాయి గానీ నెత్తళ్లకు అంకె లేదు. ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేస్తే, తెలియక తాగింది దోషం కాదులే అంది. అంటూనే ఏదో మొక్కు మొక్కుకుందని తర్వాత చెల్లి చెప్పింది.

అప్పటి నుంచి పులుసు మానేసి, చిన్న సీసాలో కందిపొడి పట్టుకెళ్లేదాన్ని. వాళ్ల అన్నం జిగురుగా ముద్దకట్టి ఉంటుంది, పొడి కలవదు. చెంచాతో అన్నం తీసుకుని పొడిలో అద్దుకోవాల్సిందే. ఇంకో సంగతి, కర్రీ రైస్ పెట్టే రోజు పిల్లలంతా "టీచర్, మీ దేశం తిండి!" అని నా చుట్టూ గంతులేసేవాళ్లు. పసుపు రంగులో, తియ్యగా, పక్కన 10 అంకెతో ఉంటుంది మన దేశం తిండి.

అందుకే మీకు నేను చెప్పే సలహా ఒక్కటే: విమానం ఎక్కక ముందే హంగుల్ (కొరియన్ లిపి) నేర్చుకోండి. భాష కాదు, అక్షరాలు చాలు. నాకు వారం పట్టింది. వాళ్లు పిల్లలకు నేర్పే గ, గ్య, గొ, గ్యొ పట్టిక చూస్తే అచ్చం మన గుణింతమే. హల్లు పక్కన అచ్చు, కింద ఇంకో హల్లు కలిపి ఒకే గడిలో సర్దుతారు. ఒత్తులకు అలవాటు పడ్డ కళ్లకు అదేమంత వింత కాదు. మాట చివర "యో" చేరిస్తే మన "అండీ" అన్నట్టు మర్యాద, క్రియ మనలాగే చివర్లో వస్తుంది. నాతో పనిచేసిన అమెరికా అబ్బాయి ఏడాదైనా తికమకపడ్డ వాక్యం నాకు నెలలో నోటికొచ్చింది. ఈ ఒక్క విషయంలో మనదే పైచేయి.

చెత్త గురించి ఎవరూ ముందు చెప్పరు. మునిసిపాలిటీ సంచులు కొని వాటిలోనే పడెయ్యాలి, 1995 నుంచీ అదే పద్ధతి. ఒక ఊరి సంచి ఇంకో ఊళ్లో చెల్లదు. నేను యోసు అనే పక్క ఊళ్లో కొన్న సంచి పెడితే, కింది వాటాలో ఉండే హల్మొని (బామ్మ అన్నమాట) దాన్ని రెండు చేతులతో మోసుకొచ్చి నా తలుపు ముందు పెట్టి వెళ్లింది. ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ సిగ్గేసింది.

తిరగడం గురించి అయితే, బడి సెలవులు చూసి మురిసిపోకండి. జూలై చివర్లో ఒకసారి, చలికాలంలో ఒకసారి బడి మూస్తారు గానీ అవి పిల్లలకు. మనకు ఇంగ్లిష్ క్యాంపులుంటాయి, అవి కూడా లేని రోజుల్లో ఖాళీ స్టాఫ్ రూమ్‌లో కూర్చోవాలి. విదేశీ టీచర్లు దీన్ని డెస్క్ వార్మింగ్ అంటారు, అంటే కుర్చీ చల్లారకుండా కాపలా. చూసోక్ పండగకు సియోల్ వెళ్దామనుకున్నా, మన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చే రైళ్ల కథే, టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. ఆ పండగకు ఇంట్లోనే కూర్చుని, హల్మొని ఇచ్చిన సొంగ్‌ప్యొన్ తిన్నాను. లోపల నువ్వులు, పైన బియ్యప్పిండి, అరచందమామ ఆకారం. కజ్జికాయను ఆవిరి మీద ఉడికించారా అన్నట్టుంది.

కానీ శని, ఆదివారాలు మనవే. బస్సులు చెప్పిన టైముకు వస్తాయి. నేను మూడుసార్లు వెళ్లిన చోటు ఒకటుంది, జొగ్యేసాన్ కొండ. దానికి ఈ వైపు సొనమ్‌సా, ఆ వైపు సొంగ్వాంగ్‌సా, రెండూ పాత బౌద్ధాలయాలు. సొనమ్‌సా 2018లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. అక్కడి పాత చెక్క మరుగుదొడ్డిని కూడా వారసత్వ కట్టడంగా కాపాడుతున్నారంటే నమ్మండి, జనం ఫొటోలు తీసుకుంటారు. ఒక గుడి నుంచి ఇంకో గుడికి కొండ మీదుగా మూడు నాలుగు గంటల నడక. దారి మధ్యలో, రోడ్డు రాని అడవిలో, బార్లీ అన్నం పెట్టే పూటకూళ్ల ఇల్లు ఉంది. పెద్ద గిన్నెలో బార్లీ అన్నం, నాలుగైదు రకాల ఆకుకూరలు, ఎర్ర మిరప ముద్ద, నువ్వుల నూనె. చెమటలు కక్కుతూ ఎక్కి, ఆ గిన్నె ఒళ్లో పెట్టుకుని కలుపుకుంటుంటే ఇల్లు గుర్తొచ్చింది. పులుసు వద్దని చెయ్యి ఊపాను.

వెళ్లాలని గట్టిగా అనుకుంటే ఈ రోజే ఒక పని చెయ్యండి. డిగ్రీ, బీఈడీ పట్టాల మీద, పాస్‌పోర్టులో మీ పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. పట్టాకు అపోస్టిల్ (కాగితం అసలుదేనని విదేశాల కోసం మన ప్రభుత్వం వేసే ముద్ర), పోలీసు క్లియరెన్స్‌కు అపోస్టిల్ అడుగుతారు. నా పట్టాలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. రెండూ ఒకరివే అని నిరూపించడానికి నాకు ఆరు వారాలు పట్టింది.