1978 నాటి ‘సూపర్‌మ్యాన్’ ఇప్పటికీ ఎందుకు పాతబడలేదు?

మీ ప్రశ్న టూకీగా ఇది: 1978లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్’ సినిమాలో ట్రిక్కులు ఇప్పటి కంటికి పాతగా కనిపిస్తాయి, మొదటి గంట నెమ్మదిగా నడుస్తుంది, అయినా దాన్ని ఇంకా అంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటారు, చిన్నప్పుడు చూసినవాళ్ళ మమకారమేనా అని. మమకారం లేదనను. నేనూ చిన్నప్పుడు టీవీలో చూసినవాడినే. కానీ అదొక్కటే కారణమంటే మాత్రం ఒప్పుకోను. ఎందుకంటే అలాంటి మమకారానికి అవకాశమే లేని మనిషి పక్కన కూర్చుని ఈ సినిమా చూశాను.

మా అమ్మాయి కొత్త సూపర్‌హీరో సినిమాలతో పెరిగింది. నగరాలు కూలిపోవడం, ఆకాశం బద్దలవడం తనకు మామూలు విషయాలు. నేను ఈ సినిమా పెడితే మొదట్లో ఓ కన్ను ఫోన్ మీదే ఉంచింది. హెలికాప్టర్ సీన్ వచ్చేసరికి ఫోన్ పక్కకి వెళ్ళిపోయింది. డెయిలీ ప్లానెట్ పత్రికాఫీసు పైకప్పు మీద ఒక హెలికాప్టర్ కేబుల్‌కి చిక్కుకుని, అంచు మీదికి ఒరిగి వేలాడుతుంటుంది. రిపోర్టర్ లోయిస్ లేన్ సీటు బెల్టు పట్టుకుని గాల్లో ఊగుతుంటుంది. అదే సమయానికి కింద ఆఫీసులోంచి బయటికొచ్చిన క్లార్క్ కెంట్‌కి (మామూలు రిపోర్టర్ వేషంలో ఉన్న సూపర్‌మ్యాన్ ఇతనే) రోడ్డు మీద పడిన ఆమె టోపీ కనిపిస్తుంది. దాన్ని చేతిలోకి తీసుకుని మెల్లగా తల పైకెత్తుతాడు. బట్టలు మార్చుకోవడానికి టెలిఫోన్ బూత్ కోసం చూస్తే అక్కడున్నది సగం వరకే ఉండే కొత్త రకం బూత్, దాక్కోవడానికి పనికిరాదు. దాన్ని పైనుంచి కిందికి చూసే ఆ ఒక్క చూపుకే మా అమ్మాయి నవ్వడం మొదలుపెట్టింది. కింద పడుతున్న లోయిస్‌ని గాల్లోనే అందుకుని అతను, కంగారు పడకండి, పట్టుకున్నాను అంటాడు. ‘నన్ను నువ్వు పట్టుకున్నావు సరే, నిన్నెవరు పట్టుకున్నారు?’ అని అరుస్తుంది ఆమె. ఆ నవ్వు ఆగకముందే హెలికాప్టర్ కూడా ఊడి పడుతుంది, రెండో చేత్తో దాన్నీ ఆపేస్తాడు. ‘మళ్ళీ పెట్టు నాన్నా’ అంది మా అమ్మాయి. వెనక్కి తిప్పి మొదటి నుంచి ఆ సీన్ మళ్ళీ చూశాం.

ఆ సీన్‌లో వైర్లు, వెనక తెర మీద బొమ్మలు, చిన్న సైజు మోడళ్ళు, అన్నీ ఆ కాలపు పద్ధతులే. శ్రద్ధగా చూస్తే అతుకులు తెలుస్తాయి. అయినా పనిచేసిందంటే దానికి ముందు సినిమా మనల్ని ఎలా సిద్ధం చేసిందో చూడాలి. హీరోగా వేసిన క్రిస్టఫర్ రీవ్ మొహమే దాదాపు ముప్పావు గంట దాటాక గానీ మనకి కనిపించదు. అప్పటిదాకా ఒక గ్రహం నాశనమవుతుంది, ఒక పసివాడు పొలాల మధ్య పడతాడు, ఓ ముసలి దంపతుల ఇంట్లో పెరుగుతాడు. నెమ్మది అని మీరు అన్న గంట అదే. ఆ గంట తీసేస్తే హెలికాప్టర్ సీన్ ఒట్టి ట్రిక్కుగా మిగిలిపోతుంది.

ఇక అసలు విషయం రీవ్. కాలేజీ రోజుల్లో నాటకాలు వేసిన అనుభవంతో చెబుతున్నాను, ఈ సినిమాలో అన్నిటికంటే గొప్ప స్పెషల్ ఎఫెక్ట్ ఆయన శరీరమే. ఆ పాత్రకి పేరున్న హీరోలను అడిగి చూశాక చివరికి న్యూయార్క్‌లోని జూలియార్డ్ అనే పేరున్న కళల విద్యాసంస్థలో చదువుకున్న, పెద్దగా ఎవరికీ తెలియని ఈ 24 ఏళ్ళ కుర్రాణ్ణి తీసుకున్నారు. అప్పటికి సన్నగా ఉండేవాడు. దుస్తుల కింద దూది పెట్టి కండలు చూపించకుండా, ‘స్టార్ వార్స్’లో డార్త్ వేడర్ వేషం వేసిన కండల వీరుడు డేవిడ్ ప్రౌజ్ దగ్గర కసరత్తు చేసి ఒళ్ళు పెంచాడు. కానీ నేను చెప్పేది కండల గురించి కాదు.

లోయిస్ ఇంట్లో జరిగే ఒక చిన్న సీన్ ఉంది. సూపర్‌మ్యాన్ ఆమెని ఆకాశంలో తిప్పి తెచ్చి వదిలి వెళ్ళిపోతాడు. కాసేపటికి అదే మనిషి క్లార్క్‌గా తలుపు తడతాడు. ఆమె ఇంకా ఆ మైకంలోనే ఉంది, తయారవడానికి లోపలికి వెళ్తుంది. క్లార్క్ ఒంటరిగా నిలబడి ఉంటాడు. నిజం చెప్పేయాలనుకుంటాడు. కళ్ళజోడు తీస్తాడు. ముందు వెన్ను నిటారవుతుంది, తర్వాత భుజాలు వెనక్కి వెళ్తాయి, గడ్డం లేస్తుంది, మనిషి రెండంగుళాలు పెరిగినట్టు కనిపిస్తాడు. లోయిస్ అని పిలిస్తే గొంతు కూడా కిందికి దిగి నిండుగా వస్తుంది. ఆమె ఇటు తిరగ్గానే ధైర్యం చాలదు. కళ్ళజోడు మళ్ళీ మొహం మీదికి, భుజాలు ముందుకి, గొంతు పైకి, మాట తడబాటు. ఇదంతా కట్ లేకుండా ఒకే షాట్‌లో జరుగుతుంది. మేకప్ లేదు, లైటింగ్ మారదు. స్టేజీ మీద ఇలా ఒక మనిషిలోంచి ఇంకో మనిషిలోకి మారడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్ళకి తెలుస్తుంది. మామూలుగా ఎవరైనా మొహంతో మొదలుపెడతారు, ఈయన వెన్నుతో మొదలుపెట్టాడు.

కళ్ళజోడు పెట్టుకుంటే ఎవరూ గుర్తుపట్టరా అని సూపర్‌మ్యాన్ కథ మీద ఎప్పటినుంచో ఉన్న వేళాకోళానికి నాకు తెలిసి సరైన జవాబు ఇదొక్కటే. తల పాపిడి కూడా క్లార్క్‌కి ఒకవైపు, సూపర్‌మ్యాన్‌కి ఇంకోవైపు తీశాడు. సందులో దొంగ తుపాకీ పేల్చే సీన్‌లో మరో ముచ్చట ఉంది. క్లార్క్ మూర్ఛపోయినట్టు పడిపోతాడు. లోయిస్ అటు తిరిగాక గుప్పిట తెరిచి తను పట్టుకున్న బుల్లెట్ చూసుకుని చిన్నగా నవ్వుకుంటాడు. ఆ రహస్యం అతనికీ మనకీ మధ్యే ఉంటుంది. ప్రేక్షకుణ్ణి అలా తన పక్షానికి లాక్కోవడం పెద్ద పేలుడుతో జరగదు.

దర్శకుడు రిచర్డ్ డోనర్ చేసిన మేలు కూడా చెప్పాలి. ఆయన చేతికి వచ్చిన స్క్రిప్ట్ నిండా వెటకారపు జోకులే ఉన్నాయి. అప్పటికి తెర మీద సూపర్‌హీరో అంటే 1966 నాటి బ్యాట్‌మ్యాన్ టీవీ సీరియల్ లాంటి అల్లరే జనానికి గుర్తొచ్చేది. డోనర్ తన స్నేహితుడు టామ్ మాంకివిచ్‌తో స్క్రిప్ట్ తిరగరాయించాడు. హాస్యం ఉండనిచ్చాడు గానీ హీరోని మాత్రం నవ్వులపాలు చేయలేదు. ఈ తేడా చాలా పెద్దది.

సినిమా వచ్చిన కాలం గుర్తు చేసుకోండి. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1974లో రాజీనామా చేశాడు, వియత్నాం యుద్ధం 1975లో ముగిసింది. ప్రభుత్వం మాట అమెరికాలో జనం నమ్మని రోజులు. ఆ అపనమ్మకాన్ని సినిమా దాచిపెట్టదు, తెచ్చి లోయిస్ నోట్లో పెడుతుంది. బాల్కనీలో ఇంటర్వ్యూ సీన్‌లో అతను సత్యం కోసం, న్యాయం కోసం, అమెరికా ఆదర్శాల కోసం పోరాడ్డానికి వచ్చానంటాడు. అయితే ఈ దేశంలో గెలిచిన ప్రతి నాయకుడితోనూ కొట్లాడాల్సి వస్తుందని ఆమె నవ్వుతుంది. అతను చిన్నబుచ్చుకోడు, లెక్చర్ ఇవ్వడు. మీరు నిజంగా ఆ ఉద్దేశంతో అని ఉండరు అంటాడు. ఇదంతా నమ్మలేకపోతున్నానని ఆమె అంటే, నేనెప్పుడూ అబద్ధం చెప్పను అంటాడు. ఈ మాట ఏ నటుడి నోట్లోనైనా తేలిపోవచ్చు. రీవ్ దాన్ని టైం చెప్పినంత మామూలుగా చెబుతాడు. అందుకే నమ్ముతాం. నన్నడిగితే ఈ సినిమా ఇన్నేళ్ళు నిలబడడానికి కారణం ఇక్కడుంది. మంచితనాన్ని మంచితనంగానే చూపించింది, దానికి క్షమాపణ చెప్పుకోలేదు, దాన్ని వెటకారంతో కప్పలేదు. తర్వాత వచ్చిన చాలా సినిమాలు హీరో నిజాయితీగా ఒక మాట అనగానే పక్కవాడితో జోకు వేయించేస్తాయి. చూసినప్పుడు నవ్వొస్తుంది, ఇంటికొచ్చాక ఏమీ మిగలదు.

ఎగిరే సీన్ల గురించి కూడా కాస్త చెప్పాలి, ఎందుకంటే అవి మీరు అనుకున్నంత పాతబడలేదు. జోరాన్ పెరిసిక్ కనిపెట్టిన పద్ధతి ఒకటి వాడారు. ముందు నుంచి నటుడి వెనకున్న తెర మీదికి ఆకాశం బొమ్మ వేస్తారు. బొమ్మ వేసే ప్రొజెక్టర్‌కీ, తీసే కెమెరాకీ రెండిటికీ జూమ్ లెన్సులు పెట్టి ఒకేసారి కదిలేలా జత చేశారు. దాంతో వెనక బొమ్మ సైజు మారదు, ముందున్న మనిషి మాత్రం మన మీదికి దూసుకొచ్చినట్టో దూరమైనట్టో కనిపిస్తాడు. నటుడు కదలకుండానే కదులుతాడన్నమాట. దీనికి రీవ్ తన వంతు కలిపాడు. ఆయనకి నిజంగా విమానం నడపడం వచ్చు, మలుపు తిరిగేటప్పుడు విమానం ఒరిగినట్టు ఒళ్ళు ఒరగాలని తెలుసు. చూపు ముందు తిరుగుతుంది, తర్వాత భుజం, తర్వాత మిగతా ఒళ్ళు. ఈ సినిమా విజువల్ ఎఫెక్ట్స్‌కి ప్రత్యేక ఆస్కార్ కూడా వచ్చింది. ఛాయాగ్రాహకుడు జెఫ్రీ అన్స్‌వర్త్ సినిమా విడుదలకి ముందే చనిపోయాడు, సినిమాని ఆయనకే అంకితమిచ్చారు. హీరో పెరిగిన ఊరు స్మాల్‌విల్ పొలాల మీద ఆయన పట్టిన వెలుగు చూస్తే ఆ గౌరవం ఎందుకో తెలుస్తుంది.

ఆ స్మాల్‌విల్ భాగమే వయసు పెరిగేకొద్దీ నన్ను ఎక్కువగా కదిలిస్తోంది. పెంచిన తండ్రిగా గ్లెన్ ఫోర్డ్ కనిపించేది కొద్ది నిమిషాలే. నువ్వు ఇక్కడికి ఏదో కారణం మీదే వచ్చావు, ఆ కారణం ఆటలో పాయింట్లు కొట్టడం మాత్రం కాదు అని కొడుక్కి చెబుతాడు. ఇద్దరూ సరదాగా పరుగు మొదలుపెడతారు, అంతలో ఆయన ఆగి ఎడమ చేయి పట్టుకుంటాడు, అక్కడే కూలిపోతాడు. ఇన్ని శక్తులుండీ ఆయన్ని కాపాడుకోలేకపోయానని స్మశానం దగ్గర కుర్రాడు అంటాడు. మా నాన్నగారు పోయాక ఈ సినిమా చూసినప్పుడు ఆ మాట దగ్గర కాసేపు ఆపేయాల్సి వచ్చింది. ఏ శక్తీ లేని మనకి ఆ మాట సరిగ్గా ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. జీన్ హ్యాక్‌మన్ విలన్ లెక్స్ లూథర్‌గా బాగా చేశాడు గానీ అతని అనుచరుడు ఓటిస్ చేష్టలు శ్రుతి మించుతాయి. ఆకాశంలో తిరిగేటప్పుడు లోయిస్ మనసులో చదివే కవిత నాకెప్పుడూ రుచించలేదు. చివర్లో చనిపోయిన లోయిస్ కోసం కాలాన్ని వెనక్కి తిప్పడం లాజిక్‌కి నిలవదు. నిజానికి అది రెండో భాగం కోసం అనుకున్న ముగింపు, దాన్ని ఇక్కడికి తెచ్చారు. అయినా తండ్రిని కాపాడుకోలేని కుర్రాడు ఈసారి చావుని ఒప్పుకోనని ఎదురు తిరగడంగా చూస్తే, మనసుకి అది సరిపోతుంది.

దీని ప్రభావం ఎంతో మీరే చూసుకోవచ్చు. ‘వండర్ ఉమన్’ తీసిన ప్యాటీ జెంకిన్స్ తనకి స్ఫూర్తి ఈ సినిమానే అని చెప్పింది. 2025లో వచ్చిన కొత్త ‘సూపర్‌మ్యాన్’ కూడా జాన్ విలియమ్స్ కట్టిన పాత బాణీని వదులుకోలేక కొత్తగా వాయించి వాడుకుంది. భద్రపరచదగ్గ సినిమాల జాబితా అయిన అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో 2017లో దీనికి చోటు దొరికింది.

మీరు ఇంకా పూర్తిగా చూడకపోతే, మొదట థియేటర్లలో వచ్చిన 143 నిమిషాల వెర్షన్ చూడండి. టీవీ కోసం సాగదీసిన మూడు గంటల వెర్షన్ కూడా దొరుకుతుంది, అది ముందే ఈ సినిమాని ఇష్టపడ్డవాళ్ళకి. టైటిల్స్ దాటేయకండి, పేర్లు మన మీదికి దూసుకొస్తుంటే విలియమ్స్ సంగీతం మొత్తం అక్కడే మొదలవుతుంది, కాబట్టి ఫోన్ స్పీకర్‌లో కాకుండా మంచి సౌండ్‌తో పెట్టుకోండి. చూశాక లోయిస్ ఇంట్లో ఆ కళ్ళజోడు సీన్ మీకెలా అనిపించిందో కింద రాయండి.