మొదటి హామ్ రేడియోగా 5 వాట్ల సెట్టు కొనొచ్చా? పదకొండేళ్లుగా వాడుతున్నవాడి మాట

మీరు అడిగింది ఇదీ: హామ్ రేడియో (సరదా కోసం సొంత వైర్‌లెస్ సెట్టుతో ఊళ్లతో, దేశాలతో మాట్లాడే హాబీ) లైసెన్స్‌లో మొదటి మెట్టయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ పాసయ్యారు, కాల్‌సైన్ (గాలిలో మీ గుర్తింపు పేరు) వచ్చింది, కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నారు. ఎఫ్‌టీ-817ఎన్‌డీ అనే 5 వాట్ల చిన్న సెట్టు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. 5 వాట్లతో ఎవరికైనా వినబడతామా, లేక ఇంకో ఏడాది ఆగి 100 వాట్ల సెట్టే కొనాలా అని.

అదే సెట్టు నా దగ్గర పదకొండేళ్లుగా ఉంది. ఆ ఫ్లాట్‌లోనే కూర్చుని వాడేట్టయితే కొనకండి. ఆదివారం పొద్దున్నే సంచి భుజాన వేసుకుని ఊరి బయటికి పోయే ఓపిక ఉంటే మాత్రం బేరమాడి తెచ్చేసుకోండి.

ముందు వాట్ల సంగతి. మీ గ్రేడ్‌కి అనుమతి 50 వాట్ల వరకే. 100 వాట్ల సెట్టు కొన్నా సగానికి తగ్గించే వాడాలి. 50 వాట్లకీ 5 వాట్లకీ తేడా 10 డెసిబెల్స్. సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు మీద ఒక్కో అంకెకి 6 డెసిబెల్స్ లెక్కేసుకుంటే రెండు అంకెల తేడా కూడా లేదు. 50 వాట్లతో అవతలివాడికి ఎస్9గా వినబడితే, 5 వాట్లతో ఎస్7 పైనే వినబడతారు. వాట్లు పదో వంతయ్యాయి కదా, దూరం కూడా పదో వంతవుతుందని మొదట్లో నేనూ అనుకున్నాను. అలా ఏమీ కాదు.

అసలు బాధంతా రొదతోనే. మా ఫ్లాట్‌లో 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలు) పెడితే, ఎవరూ మాట్లాడకపోయినా మీటరు ఎస్8 దగ్గర నిలబడి ఉంటుంది. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, ఫోన్ చార్జర్లు, లిఫ్టు మోటారు, అన్నీ కలిసి ఒకటే గరగర. మీరు 50 వాట్లు కాదు, 500 వాట్లు పంపినా అవతలివాడి జవాబు ఆ గరగర కిందే ఉండిపోతుంది.

ఇది నాకు అర్థమైంది తెనాలి దగ్గర మా అత్తగారి ఊళ్లో. మే నెల, సాయంత్రం ఏడు గంటలు. డాబా మీద వైరు కట్టుకుని హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. రొద ఎస్7, ఎవరి గొంతూ తెలియడం లేదు. ఇంతలో ఊరంతా కరెంటు పోయింది. ఆ రొద ఎవరో కొళాయి కట్టేసినట్టు టక్కున ఆగిపోయింది. మీటరు సున్నాకి పడింది. ఆ నిశ్శబ్దం అడుగునుంచి ఇద్దరు మలయాళీలు తీరిగ్గా కబుర్లు చెప్పుకోవడం వినబడింది. అప్పటిదాకా కూడా వాళ్లు అక్కడే ఉన్నారన్నమాట! వాళ్లు కాస్త ఆగగానే కాల్‌సైన్ చెప్పాను, మొదటి పిలుపుకే జవాబొచ్చింది. కింద అందరూ విసనకర్రలు వెతుక్కుంటున్నారు. మామగారు టార్చి పట్టుకుని పైకొచ్చి నా మొహం చూసి, "కరెంటు పోతే నవ్వే మనిషిని మిమ్మల్నే చూశాను అల్లుడుగారూ" అన్నారు. అరగంట తర్వాత కరెంటొచ్చింది, మలయాళీలు పోయారు.

ఇక సెట్టు. ఇంకో రెండు పేర్లు కూడా మీకు వినబడుతుంటాయి, ఎఫ్‌టీ-818, కేఎక్స్2. అవీ మంచివే, నేను వాడింది మాత్రం ఇది. 160 మీటర్ల నుంచి 70 సెంటీమీటర్ల దాకా బ్యాండ్లన్నీ ఇందులో ఉన్నాయి. బ్యాటరీతో కలిపి కిలో మీద కొంచెం బరువు. లోపలి బ్యాటరీ మీద నడిపితే మామూలుగా రెండున్నర వాట్లకే ఉంటుంది. పూర్తి 5 వాట్లు కావాలంటే బయటి నుంచి 12, 13 వోల్టులు ఇవ్వాలి. కొత్తలో నాకది తెలియక నెల రోజులు సగం పవర్ మీదే మాట్లాడాను. వింటున్నప్పుడు కూడా అర యాంపియర్‌కి కాస్త తక్కువ లాగుతుంది, పంపేటప్పుడు 2 యాంపియర్లు. మొదట యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ లెడ్ బ్యాటరీ మోశాను. రేడియో కన్నా అదే రెట్టింపు బరువు, భుజం పడిపోయేది. ఇప్పుడు 6 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ వాడుతున్నాను. పొద్దున ఏడింటికి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల దాకా దాని ఊసే ఎత్తక్కర్లేదు. సెట్టులో యాంటెనా ట్యూనర్ లేదు, అది గుర్తుపెట్టుకోండి. అంటే యాంటెనా మీరే సరిగ్గా కట్టుకోవాలి.

యాంటెనాకి పెద్ద ఖర్చేం లేదు. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్ (మధ్యలో నుంచి రెండు వైపులా చాచే వైరు యాంటెనా) మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి ఇరవై మీటర్లు, అంటే అటు పది, ఇటు పది. కరెంటు సామాన్ల షాపులో దొరికే ఒంటి వైరు చాలు. పైన ప్లాస్టిక్ తొడుగుంటే లెక్కకన్నా కాస్త పొట్టిగా కుదురుతుంది, అందుకని ముందు ఎక్కువే వదలండి. ఎస్‌డబ్ల్యుఆర్ (యాంటెనా సెట్టుకి ఎంత కుదిరిందో చెప్పే కొలత) చూసుకుంటూ చివర్లు కత్తిరించకండి, వెనక్కి మడిచి టేపు చుట్టండి. కత్తిరించిన వైరు మళ్లీ పెరగదు. (నా దగ్గర జానెడు జానెడు ముక్కలు ఒక డబ్బా నిండా ఉన్నాయి.) మధ్యలో వెదురు బొంగు నిలబెట్టి, రెండు కొసలూ కంచెకో చెట్టుకో కట్టేస్తే అయిపోయింది. బొంగు ఎంత ఎత్తుండాలని అందరూ అడుగుతారు. ఆంధ్రా, తెలంగాణ, బెంగళూరు, చెన్నై వాళ్లతో పగటిపూట 40 మీటర్ల మీద మాట్లాడాలంటే నాలుగైదు మీటర్లు చాలు. వైరు నేలకి దగ్గరగా ఉంటే సిగ్నల్ నిటారుగా పైకి పోయి, తరంగాల్ని వెనక్కి తిప్పే పై పొర అయనోస్ఫియర్ నుంచి గొడుగులా చుట్టూ నాలుగైదు వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. అనంతగిరి కొండల్లో ఒక ఆదివారం బొంగు మర్చిపోయి, భుజమెత్తు కొమ్మ మీద వైరు వేశాను. బెంగళూరు వాళ్లు ఫైవ్ సెవెన్ రిపోర్ట్ ఇచ్చారు, అంటే మాట పూర్తిగా స్పష్టం, సిగ్నల్ బాగానే ఉందని.

దూరదేశాల సంగతి వేరు. దానికి నాకు బాగా కలిసొచ్చిన చోటు బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్. ఉప్పునీటి పక్కన నిలువు యాంటెనా పెడితే సిగ్నల్ సముద్రం మీదుగా పల్చగా, నేలబారుగా పోతుంది. గొట్టంలో గొట్టం దూరే ఫైబర్ గేలం కర్రకి 5 మీటర్ల వైరు చుట్టి, తడి ఇసుక మీద నాలుగు వైర్లు పరిచాను. 20 మీటర్ల బ్యాండ్‌కి అదే యాంటెనా. అప్పటికి పై మెట్టయిన జనరల్ గ్రేడ్‌కి మారాను, మోర్స్ (చుక్కలు, గీతల కోడ్) వచ్చు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన కాసేపు చూసి, "ఏంది బాబూ, నీళ్లకి ఇంత దూరంలో గేలం ఏత్తన్నా?" అన్నాడు. గాలిలో వేస్తున్నానని చెప్పాను. నమ్మలేదు, కానీ పక్కనే కూర్చున్నాడు.

కాసేపటికి యూరప్ తెరుచుకుంది, అంటే అక్కడి సిగ్నళ్లు వినబడడం మొదలైంది. 14.060 మీద మోర్స్‌లో పిలుస్తూ కూర్చున్నాను. కీ మీద ఇసుక రేణువు పడి గీతలు తెగిపోతుంటే, నోటితో ఊదుకుంటూ కొట్టాను. పది పన్నెండు పిలుపులయ్యాక, చాలా సన్నగా, దోమ పాడినట్టు బల్గేరియా స్టేషన్ ఒకటి నా కాల్‌సైన్ వెనక్కి పంపింది, చివర ప్రశ్నార్థకంతో. మూడుసార్లు చెప్పాను. రిపోర్ట్ 339. అంటే కష్టం మీద తెలుస్తోందని మర్యాదగా చెప్పడం. వెళ్తూ వెళ్తూ అతను హామ్‌లు మామూలుగా వీడ్కోలుకి వాడే 73 బదులు 72 అన్నాడు. తక్కువ పవర్ వాళ్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకునే వీడ్కోలు అది. అంటే అతనూ మనలాంటివాడే. పెద్దాయన "ఎవురు?" అన్నాడు. చెప్పాను. "ఈ పుల్లతోనా!" అని గేలం కర్రని కింది నుంచి పైదాకా చూశాడు.

బయట వాడేటప్పుడు ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు, అది ఖాయం. పోలీసులూ అడుగుతారు. లైసెన్స్ జిరాక్స్ కాపీ సంచిలోనే ఉంచుకోండి, స్టేషన్ చిరునామా గురించి అందులో రాసిన షరతులు బయల్దేరేముందే చదువుకోండి. తీర ప్రాంతంలో మరీ జాగ్రత్త. నేనైతే ముందే వెళ్లి ఫలానా పని చేసుకుంటున్నానని చెప్పి మొదలుపెడతాను. ఒకసారి చెప్పకుండా కూర్చుంటే, గంటసేపు వివరించుకోవాల్సి వచ్చింది. అప్పటికి బ్యాండ్ మూసుకుపోయింది.

అంత డబ్బు ఇప్పుడే వద్దనుకుంటే మన ఊరి సరుకే ఒకటుంది. హైదరాబాద్‌లో ఉండే అష్హర్ ఫర్హాన్ (కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ) డిజైన్ చేసిన బిటెక్స్ రేడియోలు. సర్క్యూట్ అందరికీ తెరిచి పెట్టడంతో ప్రపంచం నలుమూలలా కట్టుకున్నారు. 2017 డిసెంబరులో వచ్చిన మైక్రోబిటెక్స్ 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది, కింది బ్యాండ్ల మీద 10 వాట్ల దాకా ఇస్తుంది. తయారైన బోర్డు వచ్చింది, పెట్టె మనమే చూసుకోవాలి. నేను మా ఆవిడ పాత పోపుల డబ్బాలో బిగించాను. వాసన ఇప్పటికీ పోలేదు, వేడెక్కితే ఆవాల వాసనొస్తుంది. తొందరలో ప్లస్, మైనస్ తిప్పి కలిపి ఒకసారి పొగ కూడా తెప్పించాను. తప్పు పూర్తిగా నాదే. అయితే పదో తరగతి ఫిజిక్స్ తర్వాత రేడియో లోపల ఏం జరుగుతుందో నాకు తెలిసింది ఆ మరమ్మతులోనే. సోల్డరింగ్ అంటే భయం లేకపోతే మీకు ఇదే ముందు చెబుతాను. రెడీమేడ్‌గా కావాలంటే 817.

ఎఫ్‌టీ8 గురించి కూడా అడిగారు. జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ 2017లో తెచ్చిన డిజిటల్ పద్ధతి అది. 15 సెకన్లకోసారి కంప్యూటర్లే పలకరించుకుంటాయి, చెవికి వినబడని సిగ్నల్ కూడా పట్టేస్తాయి. ఫ్లాట్ బాల్కనీలో 5 వాట్లతో నాకు జపాన్, ఇటలీ అలా దొరికినవే. లాగ్‌బుక్ నిండుతుంది. కానీ "మీ దగ్గర వర్షం పడుతోందా" అని అడగడానికి ఉండదు, అందుకే నాకు త్వరగా విసుగొచ్చింది. మీకు నచ్చొచ్చు.

సెకండ్ హ్యాండ్ సెట్టు చూసేటప్పుడు పైన గీతలు, మాసిన బటన్లు పట్టించుకోకండి. డమ్మీ లోడ్ (పరీక్షకి యాంటెనా బదులు తగిలించేది), వాట్ మీటరు తీసుకెళ్లి ప్రతి బ్యాండ్‌లో 5 వాట్లు వస్తున్నాయా లేదా చూడండి. ముందు ఒకటి, వెనక ఒకటి, రెండు యాంటెనా సాకెట్లుంటాయి, రెండూ పరీక్షించండి. అమ్మేవాళ్లకి లైసెన్స్ ఉందా, సెట్టు కాగితాలు ఉన్నాయా అన్నది మొహమాటం లేకుండా అడగండి.

డబ్బు ఇచ్చేముందు ఇంకొక్క పని. ఎవరైనా హామ్ దగ్గర సెట్టు ఒక రాత్రికి అడిగి తెచ్చుకుని, మీ బాల్కనీలో పది మీటర్ల వైరు వేలాడదీసి 7.1 మీద పెట్టి మీటరు చూడండి. ఎస్4 లోపే ఉంటే నేను పైన ఫ్లాట్ గురించి చెప్పింది పక్కన పెట్టేసి, రేపే వెళ్లి కొనుక్కోండి.