కాంటా ప్రోగ్రామ్ తనంతట తానే లేవాలంటే

నల్లగొండ

అల్లుడూ,

మిర్యాలగూడ మిల్లులో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నువ్వే వెళ్లి కాంటా ప్రోగ్రామ్ స్టార్ట్ చేయాల్సి వస్తోందని మీ అమ్మ చెప్పింది. బరువు అంకెలు కూడా అప్పుడప్పుడు సగమే వస్తున్నాయట. ఈ రెండింటికీ మూలం ఒకచోటే ఉందని నా అనుమానం.

లైనక్స్ లేవగానే దాని గుండెకాయ లాంటి కెర్నల్ మొదట ఒకే ఒక్క ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. దాని నంబరు ఎప్పుడూ 1. ఇంటికి పెద్దదిక్కు లాంటిది. మా రోజుల్లో అది ఇనిట్, ఇప్పుడు ఎక్కువగా సిస్టమ్‌డి. టెర్మినళ్లను కాచేదీ, వెనక నడిచే సర్వీసులను లేపేదీ అదే. ఒక్కో టెర్మినల్ దగ్గర ‘గెట్టి’ అనే చిన్న ప్రోగ్రామ్‌ను కూర్చోబెడుతుంది. అది లాగిన్ అని చూపించి నీ పేరు తీసుకుంటుంది. తర్వాత లాగిన్ ప్రోగ్రామ్ పాస్‌వర్డ్ చూసి, కమాండ్లు కొట్టే షెల్ ఇస్తుంది. నువ్వు బయటికి రాగానే అక్కడ మళ్లీ కొత్త గెట్టి వస్తుంది.

ఇప్పుడు నీ కాంటా సంగతి. బరువు చూపే ఇండికేటర్ వైరు సీరియల్ పోర్టుకే కదా ఉంది? ఆ మిషన్‌ను మొదట సెట్ చేసినవాళ్లు బూట్ లైనులో, అంటే లేచేటప్పుడు కెర్నల్‌కు అందే మాటల్లో, ఆ పోర్టును కన్సోల్‌గా (మెసేజ్‌లు చూపే చోటుగా) రాసి ఉంటే, సిస్టమ్‌డి అడగకుండానే అక్కడ సీరియల్ గెట్టిని పెడుతుంది. ఒకే పోర్టును ఇద్దరు చదువుతుంటే కొన్ని అంకెలు నీ ప్రోగ్రామ్‌కు, కొన్ని గెట్టికి పోతాయి. పాపం గెట్టి, వడ్ల లారీ బరువును మనిషి పేరనుకొని పాస్‌వర్డ్ అడుగుతుంది! ముందు సర్వీసులను చూసుకునే సిస్టమ్‌సిటిఎల్ కమాండ్‌తో అది నడుస్తోందో లేదో చూడు. ఉంటే ఆపి, ‘మాస్క్’ చెయ్యి, అంటే ఇక లేవకుండా కట్టెయ్. ‘డిసేబుల్’ సరిపోదు, ప్రతి బూట్‌లో కొత్తగా పుట్టుకొస్తుంది. బూట్ లైనులోని కన్సోల్ మాట కూడా తీసెయ్, లేకపోతే కెర్నల్ మెసేజ్‌లు ఇండికేటర్‌కు పోతూనే ఉంటాయి.

ఇక స్టార్ట్ చేసే తీరు. టెర్మినల్ మూసినా చావనివ్వని నోహప్ కమాండ్ పెట్టి, వెనక నడిపించే యాండ్ గుర్తు (&) చివర కొట్టి వదిలేస్తున్నావు. టెర్మినల్ మూసినా అది బతుకుతుంది, నిజమే. కన్నవాళ్లు పోయిన ప్రాసెస్‌ను పెద్దదిక్కు దత్తత తీసుకుంటుంది. కానీ అది చస్తే తలకొరివి పెడుతుందే తప్ప మళ్లీ బతికించదు. బతికించాలంటే ప్రోగ్రామ్‌ను ఎలా నడపాలో చెప్పే సర్వీస్ ఫైలు రాసి దాని చేతికే ఇవ్వాలి. అందులో ప్రోగ్రామ్ పూర్తి దారి ఇవ్వు, యాండ్ గుర్తు పెట్టకు. ప్రోగ్రామ్ తనంతట తాను వెనక్కి పోయే ఆప్షన్ ఉంటే తీసెయ్, లేకపోతే పని అయిపోయిందని సిస్టమ్‌డి అనుకుంటుంది. రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, నడపకు. డెబియన్ రకం లైనక్స్‌లో వేరే యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో చేరిస్తే పోర్టు తెరుచుకుంటుంది. ‘రీస్టార్ట్’ ఎదురుగా ‘ఆల్వేస్’ రాయి, మధ్యలో 5 సెకన్ల విరామం పెట్టు.

ఆ విరామం ఎందుకంటావా? నేను పనిచేసిన ఆఫీసులో ఒకసారి ఎలుక టెర్మినల్ వైరు కొరికింది. గెట్టి లేవడం, పడటం, లేవడం. 2 నిమిషాల్లో 10 సార్లు దాటితే పాత ఇనిట్ విసుగొచ్చి 5 నిమిషాలు పక్కన పెట్టేది. మేము ఆ 5 నిమిషాల్లో వైరు మార్చి, టెర్మినల్ రాలేదేంటని ఇంకో గంట కేబుల్నే తిట్టుకున్నాం. సిస్టమ్‌డి లెక్క ఇంకా బిగువు. మామూలుగా 10 సెకన్లలో 5 సార్లు లేపి ఆ తర్వాత వదిలేస్తుంది, తిరిగి తీసుకోదు. విరామం చెప్పకపోతే సెకనులో పదో వంతే ఆగుతుంది కాబట్టి, ఇండికేటర్ ఆన్ కావడం ఆలస్యమైతే చాలు, ఆ 5 అవకాశాలూ ఒక్క సెకనులోపే అయిపోతాయి. 5 సెకన్లు ఆగితే ఆ లెక్కకే చిక్కవు.

ఫైలు మార్చాక దాన్ని సిస్టమ్‌డి చేత మళ్లీ చదివించే ‘డెమన్-రీలోడ్’ మరచిపోకు, నేనే ఎన్నోసార్లు మరచిపోయాను. ‘ఎనేబుల్’ కూడా చెయ్యి, లేకపోతే ఈ పూట నడుస్తుంది, రేపు బూట్‌లో లేవదు.

యాసంగి వడ్లు దిగకముందే ఓ ఆదివారం మిషన్‌ను రీబూట్ చేసి, కీబోర్డు ముట్టకుండా కూర్చో. బరువు రాకపోతే సిస్టమ్ రాసుకున్న లాగ్ చూపే జర్నల్‌సిటిఎల్‌లో ఆ బూట్ లాగ్ తీసి ఫోనుకు పంపు, చూస్తాను.

మీ మామ