‘ఇంటి పనే సార్’ అంటే చట్టం ఊరుకుంటుందా?

ప్రశ్న: విజయవాడలో నాకు స్పోర్ట్స్ షాపు ఉంది. జలంధర్ నుంచి ఫుట్‌బాల్స్ తెప్పించి, మా షాపు పేరు వేయించి స్కూళ్లకు సప్లై చేస్తాను. మొన్న సరుకు చూసుకుందామని వెళ్తే, కుట్టుపని కంపెనీలో కాదు, బస్తీ ఇళ్లలో జరుగుతోంది. ఒక ఇంట్లో తల్లి పక్కన పదకొండేళ్ల పాప, మోకాళ్ల మధ్య చెక్క పట్టకారు పెట్టుకుని, రెండు సూదులతో మా బంతే కుడుతోంది. ఉదయం పదకొండు గంటలు, బడి ఉన్న రోజు. కాంట్రాక్టర్ని అడిగితే ‘ఇంటి పనే సార్, చట్టం ఒప్పుకుంటుంది’ అన్నాడు. ఫోన్లో ఫొటో తీసుకున్నాను. ఇప్పుడు ఒక టెండర్లో ‘బాలకార్మికులతో చేయించిన వస్తువులు కావు’ అని డిక్లరేషన్ అడుగుతున్నారు. సంతకం పెట్టొచ్చా? నా మీద కేసు వస్తుందా? ఆర్డరు రద్దు చేసుకోవాలా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
- పేరు వేయవద్దన్న పాఠకుడు

జవాబు: ముందు ఒక చిన్న పని చేయండి. ఆ ఫొటో ఎవరికైనా పంపి ఉంటే డిలీట్ చేయించండి, వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం పెట్టకండి. ఇలాంటి పిల్లల ఫొటో, పేరు, చిరునామా బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. సాయం చేద్దామని పోస్టు పెట్టి ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. మీ దగ్గరున్న కాపీని ఫిర్యాదుకు ఉంచుకోండి, చాలు.

ఇక కాంట్రాక్టరు మాట. అది సగమే నిజం. బాలకార్మిక చట్టం 1986 నాటిది. 2016 సవరణతో 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదని తేల్చేశారు. మినహాయింపులు రెండే. సినిమాలు, సీరియళ్లు, ఆటల పోటీల్లాంటివి ఒకటి. (ఆట ఆడటానికి మినహాయింపు ఉంది, ఆటబంతి కుట్టడానికి లేదు!) రెండోది, బడి అయ్యాక గానీ సెలవుల్లో గానీ ఇంటివాళ్లకు సాయపడటం. మీ కాంట్రాక్టరు పట్టుకు వేలాడుతున్నది దీన్నే.

కానీ ఆ ‘సాయం’ ఎంతవరకో 2017లో రూల్స్ గీత గీశాయి. బడి వేళల్లో కూడదు. రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది దాకా కూడదు. రోజుకు మూడు గంటలు మించకూడదు. అసలు విషయం దీని తర్వాతి మాటలో ఉంది: తయారీ, సప్లై, అమ్మకం గొలుసులో ఎక్కడైనా సరే, పిల్లలకో కుటుంబానికో డబ్బు తెచ్చిపెట్టే పని ఈ సాయం కిందికి రాదు. ఇక్కడ పానెళ్లు (బంతికి కుట్టే ముక్కలు) కాంట్రాక్టరువి, మైనం పూసిన దారం కాంట్రాక్టరుది, కుట్టిన బంతికి ఇంతని కూలి. ఇల్లు వాళ్లదైనంత మాత్రాన వ్యాపారం వాళ్లది అయిపోదు. పైగా పదకొండు గంటలకు ఆ పిల్ల బడిలో లేదు. నా దృష్టిలో మినహాయింపు ఇక్కడ నిలవదు.

శిక్ష ఎవరికి? పనిలో పెట్టుకున్నవాళ్లకు, పని చేయనిచ్చినవాళ్లకు. ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. తల్లి సంగతి మీరు అడగలేదు కానీ చెబుతాను. తల్లిదండ్రులకు మొదటి తప్పుకు శిక్ష లేదు.

తయారైన సరుకు కొనుక్కున్న మీరు ఈ శిక్ష కిందికి నేరుగా రారు. మీరే పానెళ్లు, దారం ఇచ్చి కుట్టిస్తుంటే మాత్రం లెక్క మారుతుంది. మీకు అసలు ప్రమాదం ఆ డిక్లరేషన్‌తోనే. కళ్లారా చూశాక, ఫోన్లో ఫొటో ఉండగా సంతకం పెడితే అది తెలిసి చెప్పిన అబద్ధం. టెండరు రద్దు, డిపాజిట్ జప్తు, బ్లాక్‌లిస్టు మామూలే. భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం కేసు పెట్టడానికీ వీలుంటుంది. ప్రస్తుత స్టాకు మీద సంతకం పెట్టకండి.

‘కాంట్రాక్టరు చేసినదానికి నాకేం సంబంధం’ అని మాత్రం అనకండి. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కట్టిన కూలీల కేసులో ప్రభుత్వ సంస్థలు ఇదే మాట అంటే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి అని చెప్పింది కూడా ఆ తీర్పే. మీరు ప్రభుత్వ సంస్థ కాదు, నిజమే. కానీ బంతి మీద ఉన్నది మీ పేరు.

అయితే ఆర్డరు ఒక్కసారిగా రద్దు చేయమని నేను చెప్పను. జలంధర్‌లో ఈ పరిశ్రమ వేళ్లూనుకున్నది దేశ విభజనప్పుడు, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సియాల్‌కోట్ నుంచి తరలివచ్చిన పనివాళ్లతో. ఆ సియాల్‌కోట్‌లో పిల్లల చేత బంతులు కుట్టిస్తున్నారని ప్రపంచమంతా గోల చేస్తే, 1997లో అక్కడి వర్తక సంఘం, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి అట్లాంటాలో ఒప్పందం రాసుకున్నాయి. కుట్టుపనిని ఇళ్ల నుంచి తనిఖీ ఉండే సెంటర్లకు మార్చారు. పిల్లలు తగ్గారు, నిజమే. కానీ ఇల్లు వదిలి సెంటరుకు వెళ్లలేని ఆడవాళ్లు చాలామంది పని పోగొట్టుకున్నారు. రేపు మీరు ఆర్డరు ఆపేస్తే ఆ తల్లికి కూలి పోతుంది, పాప ఇంకెవరి బంతో కుడుతుంది.

కాబట్టి తయారీదారుకు ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో లెటర్ రాయండి. మీ బంతులు ఏ సెంటర్లో ఎవరు కుడుతున్నారో లిస్టు అడగండి. పద్నాలుగేళ్లలోపు పిల్లలు కనిపిస్తే ఆర్డరు రద్దు చేసే హక్కు మీకుండేలా ఒప్పందంలో క్లాజు రాయించండి. ముందు చెప్పకుండా వచ్చి చూసే హక్కు కూడా. పీస్ రేటు (బంతికి ఇంతని) లెక్కన ఇచ్చినా రోజు కూలి కనీస వేతనానికి తగ్గకూడదని అందులోనే పెట్టండి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ చెప్పేదీ అదే. ఇక్కడ ఒక మాట, కోపం తెచ్చుకోకండి: మీరు బంతికి పది రూపాయలు తగ్గించమని పట్టుబడితే ఆ పది కంపెనీవాడి జేబులోంచి రాదు.

పాప గురించి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా బాలకార్మికుల ఫిర్యాదుల కోసం కేంద్రం నడిపే పెన్సిల్ (PENCIL) పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. ఈ చట్టం కింద ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు, మీరు ఆ ఊరివారు కానక్కర్లేదు. ఫిర్యాదు నంబరు రాసి ఉంచుకోండి. రేపు ఎవరైనా ‘తెలిసీ ఊరుకున్నావు’ అంటే మీ దగ్గరుండే జవాబు అదే.

టెండరు గడువు దగ్గర పడితే, సెంటర్లో కుట్టించిన కొత్త లాటుకో మెషిన్ కుట్టు బంతులకో మాత్రమే కోట్ చేయండి. రేటు కాస్త పెరుగుతుంది. డిక్లరేషన్ మీద సంతకం పెట్టే రోజుకి మీ లెటరు, కంపెనీ ఇచ్చిన జవాబు, సెంటర్ల లిస్టు మూడూ ఒకే ఫైల్లో ఉండేలా చూసుకోండి.