పులికాట్ వైపు వెళ్లేముందు

తిరుపతి

చి. సౌ. సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు పిల్లలతో వస్తున్నామనీ, దర్శనమయ్యాక ఒక రోజు సముద్రతీరం వైపు వెళ్లాలని ఉందనీ రాశావు. మైపాడు, తూపిలిపాళెం, శ్రీహరికోట ఒకే రోజులో చుట్టి రావాలన్న అల్లుడిగారి ఆలోచన నాకు నచ్చలేదు. అలా వెళితే కారు కిటికీ తప్ప మరేమీ చూడలేరు. ఆ రోజును పక్షులు చేరే నేలపట్టు చెరువుకు, పులికాట్ సరస్సుకే కేటాయించండి.

తెల్లవారుజామునే బయలుదేరి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వెళితే, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువు వస్తుంది. నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టి పిల్లలను సాకుతుంటాయి. తల్లి నోరు తెరవగానే పిల్ల దాని గొంతు సంచిలోకి తలంతా దూర్చి చేపను అందుకునే తీరును పిల్లలకు బైనాక్యులర్‌లో తప్పక చూపించు. పక్షుల రెట్టలు కలిసిన ఆ చెరువు నీరు పొలాలకు ఎరువవుతుంది కాబట్టి అక్కడి రైతులు వాటి రాకను శుభంగా భావిస్తారు. పిల్లలను కేకలు వేయనీయవద్దు.

మధ్యాహ్నం సూళ్లూరుపేటలో భోంచేసి చెంగాళమ్మను దర్శించుకోండి. ఆ గుడికి తలుపులు మూసే ఆచారం లేనందున ఏ వేళకు వెళ్లినా ఇబ్బంది ఉండదు.

నాలుగు గంటలకు శ్రీహరికోట రోడ్డెక్కి, అటకానితిప్ప దాటాక ఆగండి. ఇరువైపులా కనిపించేదంతా పులికాటే. ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో చిలికా తరువాత ఇదే పెద్దది. లోతు తక్కువ కావడం వల్ల ఫ్లెమింగోలు నడుచుకుంటూనే ముక్కును తలకిందులుగా ముంచి, బురదనీటిని జల్లెడ పట్టినట్లు వడకట్టి తింటాయి. ఉత్తరం వైపు చూస్తే ఎండ మీ వెనుక నుంచి పడి, వాటి రెక్కల గులాబీ రంగు స్పష్టంగా తెలుస్తుంది. ఒకసారి మే నెలలో మీ పెద్దమ్మను పట్టుబట్టి తీసుకువెళితే, ఉప్పు పేరుకుని నెర్రెలిచ్చిన నేల తప్ప చుక్క నీరు కనిపించలేదు. ఆ దెప్పిపొడుపు ఇప్పటికీ వింటున్నాను.

అనుమతి లేనిదే శ్రీహరికోట లోపలికి పంపరు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజైతే, ఇస్రో వెబ్‌సైట్‌లో ముందుగా పేర్లు నమోదు చేసుకున్నవారు గ్యాలరీ నుంచి చూడవచ్చు.

ఫోటోల కోసం కారును రోడ్డు మీది నుంచి కిందికి దించనీయవద్దు. పైకి ఎండి గట్టిగా కనిపించినా, ఆ మట్టి అడుగున బురదే ఉంటుంది.

ఇట్లు,
మీ పెదనాన్న